మృగశిరకు ముందే ఒకసారి మాతో కూర్చోండి

వరంగల్, హనుమకొండ, ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్, జనగామ జిల్లాల కలెక్టర్లకు, వ్యవసాయాధికారులకు, వరంగల్ వ్యవసాయ పరిశోధనా స్థానం శాస్త్రవేత్తలకు నమస్కారం.

ఎండాకాలం చివరికొచ్చేసరికి అధికారుల నుంచి ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది. వాతావరణ శాఖ చెప్పిందే నమ్మండి, వాట్సాప్‌లో, యూట్యూబ్‌లో తిరిగే అంచనాలు పట్టించుకోకండి అని. ఆ మాటలో సగాన్ని మా ఊర్లో నేనే నలుగురికీ చెప్తుంటాను. మిగతా సగం గురించే ఈ ఉత్తరం.

నేను నర్సంపేట వైపు ఒక పల్లెలో ఎవుసం చేస్తాను. పత్తి, మక్క, బావి కింద కొంత వరి. రాత్రి పూట ఫోన్‌లో సముద్రాల వేడి చూపించే మ్యాపులు ముందేసుకుని, వచ్చే రెండు మూడు నెలల్లో వాన ఎటు మొగ్గుతుందో లెక్క కట్టడం నాకు అలవాటు. ఉమ్మడి జిల్లాలో నాలాంటివాళ్లు మీరు అనుకునేదానికంటే ఎక్కువే ఉన్నారు. బడిపంతుళ్లు ఉన్నారు, ఎరువుల షాపులో కూర్చునేవాళ్లు ఉన్నారు, డిగ్రీ చదువుతూ సెలవులకు ఇంటికొచ్చే పిల్లలు ఉన్నారు. దీనికి ఎవరూ జీతం ఇవ్వరు, ఎవరూ చేయమన్నదీ లేదు. అయినా మే నెలలో పత్తి గింజలు కొనబోయే ముందు ఊర్లో రైతు వచ్చి అడిగేది వీళ్లనే. "ఏం తమ్మీ, ఈసారి మిరుగుకు పడతదా?" అని.

ముందు ఒప్పుకునే సగం చెప్తాను. రేపు కుండపోత పడుతుందా, వాగు దాటొచ్చా, ఈ సాయంత్రం పిడుగులు ఉన్నాయా అన్న విషయాల్లో మాలాంటివాళ్లు నోరు మెదపకూడదు. 2023 జూలై 27 తెల్లవారేసరికి ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన నమోదైంది. అంతకు ముందు రాష్ట్రంలో అంత వాన లెక్కకెక్కిన రోజు లేదు. మోరంచవాగు పొంగి మోరంచపల్లి మునిగితే జనం ఇళ్ల కప్పులెక్కి హెలికాప్టర్ కోసం చూశారు. అలాంటి రాత్రి కావాల్సింది రాడార్, రెడ్ అలర్ట్, ఊరిని ముందే ఖాళీ చేయించే తహసీల్దారు. ఆ సమయంలో ఇంకొకరి అంచనా గ్రూపుల్లో తిరిగిందంటే ప్రాణాలకే ముప్పు. రెండు మూడు రోజుల హెచ్చరికల సంగతిలో మీ మాటే చివరి మాట, ఇందులో నాకు ఏ అనుమానమూ లేదు.

కానీ మూడు నెలల అంచనా వేరే రకం పని. దానికి తొందర లేదు, సైరన్ లేదు. దానితో రైతు చేసేది వాగు దాటడం కాదు, ఏ విత్తనం ఎంత తెచ్చుకోవాలో తేల్చుకోవడం. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టి "నమ్మకండి" అనేయడం వల్ల నష్టం జరుగుతోందని నా బాధ.

ఫలానా ఊర్లో జూలై 17న వాన అని ఏప్రిల్‌లో చెప్పేవాణ్ణి ఎవరూ నమ్మొద్దు. రెండు వారాలు దాటాక రోజువారీ వాతావరణం ఎవరి లెక్కకూ అందదు. 1960ల్లోనే ఎడ్వర్డ్ లోరెంజ్ అనే శాస్త్రవేత్త దీనికి కారణం చూపించాడు. మొదట్లో ఉన్న చిన్న తేడా రోజురోజుకూ పెరిగి మొత్తం లెక్కనే మింగేస్తుంది. కానీ సముద్రం అలా కాదు. దాని వేడి నెలల తరబడి నెమ్మదిగా మారుతుంది, ఆ వేడి పైనున్న గాలిని ఒక వైపు నెడుతూనే ఉంటుంది. క్రికెట్‌లో పిచ్ చూసి ఏ బంతికి వికెట్ పడుతుందో చెప్పలేం గానీ స్పిన్నర్లకు కలిసొస్తుందో లేదో చెప్పగలం కదా, అంతే. పసిఫిక్ మధ్యభాగం మామూలు కంటే అర డిగ్రీకి పైగా వేడెక్కి నెలల తరబడి అలాగే ఉంటే ఎల్‌నినో అంటారు, అంతే మేర చల్లబడితే లానినా. ఎల్‌నినో ఏడాది మన నైరుతి వానలు తగ్గే అవకాశం పెరుగుతుంది. పెరుగుతుంది అంటున్నా, తప్పనిసరి అనడం లేదు. 1997లో బలమైన ఎల్‌నినో ఉన్నా దేశంలో వాన మామూలుగానే పడింది. 2002లో అంత బలంలేని ఎల్‌నినోకే దేశం మొత్తం మీద 19 శాతం లోటు వచ్చింది, ఆ జూలైలో పడాల్సిన వానలో దాదాపు సగమే పడింది. 2009లో 22 శాతం లోటు. మధ్యలో హిందూ మహాసముద్రం సంగతి ఒకటుంది. దాని పడమటి భాగం తూర్పు కంటే ఎక్కువ వేడెక్కితే ఎల్‌నినో దెబ్బ కొంత తగ్గవచ్చు, 1997లో అలాంటి పరిస్థితే ఉంది. ఇవన్నీ చూసి, నూటికి ఇన్ని పాళ్లు అని చెప్పడమే ఈ పని.

ఇందులో ఉన్న ఆనందం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే అది లేకపోతే ఎవరూ ఇంత ఓపిక పట్టరు. పసిఫిక్‌లో నీళ్ల అడుగున ఒక వేడి గడ్డ పడమటి నుంచి తూర్పుకు కదలడం మొదలుపెడితే ఆ చివరికి చేరడానికి రెండు మూడు నెలలు పడుతుంది. ఆ మ్యాపు వారం వారం చూస్తుంటాం. అది ఒడ్డుకు చేరి పైకొస్తుందా, మధ్యలోనే చల్లారుతుందా అన్నదాని మీద పాకాల చెరువు మత్తడి దుంకే అవకాశం ఎంతో కొంత ఆధారపడి ఉంటుందన్న సంగతి తెలిశాక, పదో తరగతి పిల్లాడికి కూడా భూగోళం పాఠం వేరేలా కనిపిస్తుంది. మార్చి, ఏప్రిల్‌లో వేసే ఎల్‌నినో అంచనాలు తడబడతాయి, మే దాటాక నిలకడ వస్తుంది. అందుకే మాలో కొంచెం అనుభవం ఉన్నవాళ్లు ఉగాది నాడు గట్టిగా ఏదీ చెప్పరు. ఈ మ్యాపులు, కంప్యూటర్ మోడళ్ల లెక్కలు అమెరికా, ఆస్ట్రేలియా, యూరప్ వాతావరణ సంస్థలు ఉచితంగానే పెడుతున్నాయి. మన వాతావరణ శాఖ కూడా ఏప్రిల్ మధ్యలో ఒకసారి, మే చివర్లో ఒకసారి సీజన్ అంచనా ఇస్తుంది, ప్రతి గురువారం నాలుగు వారాల ముందుచూపు ఇస్తుంది. ఒకప్పుడు పుణెలో, ఢిల్లీలో కూర్చున్నవాళ్లకు మాత్రమే కనిపించినవి ఇప్పుడు నెక్కొండలో ఫోన్ ఉన్న ఎవరికైనా కనిపిస్తున్నాయి.

బయటివాళ్లకు ఈ పని ఎందుకు అని అడిగేవాళ్లకు ఒక పాత సంగతి చెప్పాలి. మన దేశంలో వాతావరణ శాఖ పుట్టింది 1875లో. దాని మొదటి అధిపతి హెన్రీ బ్లాన్‌ఫోర్డ్ నేర్చుకున్న చదువు భూగర్భ శాస్త్రం. 1876-78 కరువు చూశాక, హిమాలయాల మీద మంచు ఎక్కువుంటే ఆ ఏడు వాన తగ్గుతుందేమోనన్న ఆలోచనతో ఆయన 1882 నుంచి ప్రయోగంగా అంచనాలు వేశాడు, 1886 జూన్ 4న మొదటి అధికారిక సీజన్ అంచనా వెలువడింది. తర్వాత 1899 కరువు అంచనాలకు అందకుండా వచ్చి జనాన్ని తీసుకుపోయింది. 1904లో ఆ కుర్చీలోకి వచ్చిన గిల్బర్ట్ వాకర్ కేంబ్రిడ్జిలో గణితం చదువుకున్నవాడు, వాతావరణం ఆయన విషయం కాదు. ప్రపంచం నలుమూలల గాలి పీడనం లెక్కలు పక్కపక్కన పెట్టి చూసుకుంటూ పోయి, పసిఫిక్‌కు హిందూ మహాసముద్రానికి మధ్య ఊగిసలాట ఒకటుందని పట్టుకున్నాడు. ఈ రోజు ఎల్‌నినో గురించి మాట్లాడే ప్రతి మాట వెనకా ఆ పని ఉంది. వాళ్లు జీతాలు తీసుకున్న అధికారులే, మాతో పోలిక తేవడం లేదు. ఓపికగా లెక్కలు రాసి, పక్కపక్కన పెట్టి చూసేవాడు ఏ చదువు నుంచి వచ్చినా ఈ విద్యలో చోటుందని మాత్రం అంటున్నా.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మాలో ఎవరమూ వాతావరణ శాఖ కంటే మెరుగైన అంచనా పుట్టించలేం. వాళ్ల దగ్గరున్న కంప్యూటర్లు మా దగ్గర లేవు. 2025కు వాళ్లు మామూలు కంటే ఎక్కువ వాన అన్నారు, 108 శాతం పడింది, మెచ్చుకోవాల్సిన పని. కానీ ఆ అంకె దేశానికి సంబంధించింది. అది ఢిల్లీలో వెలువడి, పేపర్లో "ఈసారి వానలు దంచికొడతాయి" అనే శీర్షికగా మారి, మా ఊరి హోటల్ బల్ల దగ్గరికి వచ్చేసరికి "జూన్ మొదట్లోనే విత్తేయొచ్చు" అనే అర్థం తీసుకుంటుంది. శాఖ ఇచ్చే మ్యాపులో నిజానికి తక్కువ, మామూలు, ఎక్కువ అని మూడు రకాలకూ అవకాశాలు విడివిడిగా ఉంటాయి. ఆ మ్యాపు ఊరిదాకా రాదు, శీర్షిక వస్తుంది. మధ్యలో ఉన్న ఈ ఖాళీని పూడ్చేది మాలాంటివాళ్లే. మేం పూడ్చకపోతే భయం అమ్ముకునే వీడియోలు పూడుస్తాయి.

2025లో ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. నైరుతి మే 24కే కేరళ తాకింది, మే ఆఖరికల్లా మన దగ్గరికీ వచ్చేసింది. సంబరంగా అందరూ దుక్కులు చేసి పత్తి పెట్టారు. తర్వాత జూన్‌లో చాలా చోట్ల వాన ముఖం చాటేసింది. ఎర్రచెల్కలో పెట్టిన గింజ ఎలా పోతుందో దగ్గర నుంచి చూసినవాళ్లకు తెలుసు. సాలులో వేలు పెట్టి అంగుళం లోతు తీస్తే గింజ ఉబ్బి, తెల్లటి మొలక కొన బయటపెట్టి ఉంటుంది. పై మట్టి మాత్రం పెచ్చు కట్టి ఉంటుంది. రెండు రోజులు ఆగి తీస్తే ఆ తెల్ల కొన గోధుమ రంగుకు తిరిగి, వేళ్ల మధ్య నలిపితే పొడి అవుతుంది. ఆ ఏడాది ప్యాకెట్ ధర 901 రూపాయలు, ఎకరానికి రెండు ప్యాకెట్లు, మళ్లీ దుక్కి, మళ్లీ కైకిలు. కౌలు రైతుకైతే మొదటి విత్తనంతోనే అప్పు మొదలవుతుంది. 60 నుంచి 75 మిల్లీమీటర్ల వాన పడి నేల బాగా తడిశాకే పత్తి విత్తమని మీరే ఏటా చెప్తారు. మరి ఊర్లో ఎన్ని మిల్లీమీటర్లు పడిందో రైతుకు చెప్పేది ఎవరు? వాన కొలిచే ఆటోమేటిక్ స్టేషన్లు రాష్ట్రంలో వెయ్యికి పైగా ఉన్నాయి, గొప్ప సంగతే. కానీ జూన్ వాన ఒక చెరువు కట్టకు ఇవతల పడి అవతల పడదు.

2023 ఇంకో పాఠం. ఆ ఏడు రుతుపవనాలు జూన్ మూడో వారం దాటాకే తెలంగాణకు వచ్చాయి, విత్తనం ఆలస్యమైంది. జూలై చివర లక్ష్మీదేవిపేట వాన. ఆ వెంటనే ఆగస్టు: 1901 నుంచి లెక్కలు చూస్తే దేశం మొత్తం మీద అంత ఎండిన ఆగస్టు ఇంకొకటి లేదు. రుతుపవన ద్రోణి, అంటే వానలు తెచ్చే అల్పపీడన పట్టీ, హిమాలయాల పాదాల వైపు పోయి అక్కడే కూర్చుంటే మన దగ్గర ఆకాశం ఖాళీగా ఉండిపోతుంది. నాటేసిన వరి బోర్ల మీద బతికింది. ఇంత జరిగినా సీజన్ మొత్తం కూడితే తెలంగాణ లోటు రాష్ట్రం కాదు! సీజన్ మొత్తానికి ఒక్క అంకె చెప్తే రైతుకు పెద్దగా ఉపయోగం లేదని దీంతో తెలుస్తుంది. మాకు కావాల్సింది రెండు వారాల ముక్కలుగా అంచనా. ఏ ముక్కలో ఎండ ఎక్కువయ్యే అవకాశం ఉంది, ఏ ముక్కలో బంగాళాఖాతం అల్పపీడనాలు వరసగా రావచ్చు అన్నది. ఆలస్యం అవ్వొచ్చని మే చివర్లో తెలిస్తే, 150 రోజుల సాంబ మసూరి నారు పోయబోయేవాడు 125 రోజుల తెలంగాణ సోనా వైపు చూస్తాడు. నూటికి అరవై పాళ్ల నమ్మకంతో కూడా ఇలాంటి నిర్ణయాలు మార్చుకోవచ్చు. పూర్తి నిజం తెలియాల్సిన పని లేదు.

రెండు వారాల ముక్కలు అనగానే మన రైతుకు కొత్తగా నేర్పాల్సింది ఏమీ లేదు, కార్తెలు ఉన్నాయి. ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలని ఉంది. చాలామంది చదువుకున్నవాళ్లు కార్తె అనగానే జాతకం అనుకుని పక్కకు జరుగుతారు. కార్తె సూర్యుడి లెక్క. సూర్యుడు ఒక నక్షత్రంలో ఉండే పదమూడు, పద్నాలుగు రోజులు. అందుకే తిథుల్లా ముందుకూ వెనక్కూ జరగదు. మృగశిర ఏటా జూన్ 8 దగ్గరే, ఆరుద్ర జూన్ 22 దగ్గరే, మఖ ఆగస్టు 17 దగ్గరే. అంటే "ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం లేదు", "మఖ ఉరిమితే మదురు మీద కర్రయినా పండుతుంది" లాంటి సామెతలన్నీ తేదీలున్న మాటలు, వానల పుస్తకంతో సరిచూసుకోదగ్గ మాటలు. ఇందులో ఒక చిక్కు కూడా ఉంది. భూమి అక్షం మెల్లగా తిరగడం వల్ల కార్తెలు మన క్యాలెండర్‌లో సుమారు డెబ్బై ఏళ్లకు ఒక రోజు చొప్పున ఆలస్యమవుతూ వస్తాయి. రామప్ప, పాకాల తవ్విన కాకతీయుల కాలానికీ ఇప్పటికీ చూస్తే దాదాపు పది రోజుల తేడా. ఒక సామెత అప్పటిదైతే అది చెప్పే వాన ఇప్పుడు పక్క కార్తెలోకి జరిగి ఉండొచ్చు. మన మండలాల్లో ఏది నిలిచింది, ఏది నిలవలేదు అని స్టేషన్ లెక్కలతో చూడటం ఎంత మంచి పని! ఒక పీజీ విద్యార్థికి ఇస్తే ఒక ఎండాకాలంలో తేల్చేస్తాడు. పంచాంగ శ్రవణంలో చెప్పే వాన పాళ్ల గురించి నేనేమీ అనను, అది నమ్మకానికి సంబంధించింది. సామెతలు మాత్రం ఎవరో తరాల తరబడి ఆకాశం చూసి చెప్పినవి, వాటిని పరీక్షకు పెట్టడం వాటికి గౌరవమే.

పరీక్ష అంటే రాత కావాలి. మాకు తెలిసిన ఒక రిటైర్డ్ సారు ఇంటి పెరట్లో రెండు లీటర్ల ప్లాస్టిక్ సీసా మెడ కోసి, ఆ మెడనే గరాటాలా తలకిందులుగా పెట్టి, అడుగున సిమెంటు పోసి చదును చేసి, పక్కన స్కేలు అంటించారు. చెట్టుకూ గోడకూ దూరంగా పెట్టారు. ఉదయం ఎనిమిదిన్నరకు, వాతావరణ శాఖ కొలిచే సమయానికే, కంటిని నీటి మట్టానికి సమంగా పెట్టి చూసి పుస్తకంలో రాస్తారు. తేదీ, కార్తె, మిల్లీమీటర్లు, బావిలో నీళ్లు ఎన్ని గజాల లోతులో ఉన్నాయి. చుక్క పడని రోజు సున్నా రాస్తారు. ఆ సున్నాలే పుస్తకానికి ప్రాణం. రాయని రోజుకూ వాన పడని రోజుకూ తేడా తెలియకపోతే ఆ లెక్క దేనికీ పనికిరాదు. ఎకరం మీద ఒక్క మిల్లీమీటరు పడితే నాలుగు వేల లీటర్ల నీళ్లు అని ఆయన చుట్టుపక్కల పిల్లలకు కూడిక వేసి చూపిస్తుంటే వాళ్లు నోరు తెరుచుకుని వింటారు.

ఇది మనకు కొత్త కాదు. ఉమ్మడి రాష్ట్రంలో ఏపీఫామ్స్ అనే ప్రాజెక్టులో, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో, మహబూబ్‌నగర్, నల్లగొండ సహా ఏడు కరువు జిల్లాల రైతులే వాన కొలిచారు, బోర్లలో నీటి మట్టం కొలిచారు, గోడల మీద రాసి ఊరంతా కూర్చుని ఈ యాసంగికి ఎన్ని నీళ్లున్నాయి, ఏ పంట ఎంత వేయాలి అని లెక్క తేల్చుకున్నారు. కేరళలో మీనచిల్ నది పొడవునా బడిపిల్లలు, మామూలు జనం వాన కొలిచి ఒకరికొకరు చెప్పుకుంటున్నారు. అమెరికాలో 1997లో ఫోర్ట్ కాలిన్స్ అనే పట్టణాన్ని మెరుపు వరద ముంచింది. ఒక మూల విపరీతంగా, ఇంకో మూల కొద్దిగా పడిన ఆ వానను ఉన్న కొద్ది వానమాపకాలు పట్టలేకపోయాయి. మరుసటి ఏడాది అక్కడి విశ్వవిద్యాలయం వాళ్లు జనం పెరళ్లలో వానమాపకాలు పెట్టించడం మొదలుపెట్టారు, ఇప్పుడు వేల మంది రోజూ రాస్తున్నారు, అక్కడి ప్రభుత్వ వాతావరణ సంస్థ ఆ లెక్కలు వాడుకుంటోంది. మన దగ్గర ఆ పని చేయడానికి మనుషులు తయారుగా ఉన్నారు. పిలిచేవాళ్లు లేరు, అంతే.

మా వాళ్లకు కూడా ఈ ఉత్తరంలోనే ఒక మాట. కలెక్టర్లు మన మాట వినాలంటే మనం రాసే తీరు మారాలి. తర్వాత ఎలాగైనా అర్థం చెప్పుకునేలా అంచనా రాయకూడదు. "నర్సంపేట చుట్టుపక్కల ఐదు మండలాలకు, మృగశిర, ఆరుద్ర రెండూ కలిపి, వాన సగటు కంటే తక్కువ పడే అవకాశం నూటికి 45, సగటు దగ్గర 35, ఎక్కువ 20. కారణం ఫలానా సముద్రం వేడి, ఫలానా మోడళ్లు. రాసింది మే 25న. జూన్ 10న మళ్లీ చూస్తాను." ఇలా ఉండాలి. ఏ ప్రాంతం, ఏ రోజులు, ఎన్ని పాళ్లు, ఎందుకు, ఎప్పుడు రాశాం. రాశాక చెరపకూడదు. సీజన్ అయ్యాక పక్కనే ఏం పడిందో రాయాలి. ఇంకో సంగతి: దేశం మొత్తం మీద సగటుకు పది శాతం అటూ ఇటూ పడే ఏళ్లే ఎక్కువ, కాబట్టి ప్రతి ఏడూ "మామూలుగా పడుతుంది" అనేవాడు ఎక్కువసార్లు గెలుస్తాడు, ఆ గెలుపులో విద్య ఏమీ లేదు. మూడు రకాలకూ ఎప్పుడూ సమానంగా ముప్పై మూడేసి పాళ్లు వేసి కూర్చునేవాడి కంటే మనకు ఎక్కువ మార్కులు రావాలి, అప్పుడే మనం ఏదో చేస్తున్నట్టు. ఇలా మార్కులు వేసే పద్ధతి ఒకటి 1950లోనే గ్లెన్ బ్రయర్ అనే అమెరికా వాతావరణ ఉద్యోగి ఇచ్చాడు. ఇంటర్ లెక్కలు వచ్చినవాళ్లు ఎవరైనా వేయొచ్చు. వాన రాకముందే "మునిగిపోతారు" అని ఎర్ర అక్షరాలు పెట్టి వీడియో వదిలేవాళ్లతో మనల్ని ఒక్కటిగా చూడొద్దని అడగాలంటే ముందు వాళ్లతో మనకున్న తేడా కనిపించాలి.

సార్లూ, మేడమ్‌లూ, ఇప్పుడు అడగాల్సినవి అడుగుతాను. పెద్ద ఖర్చు పెట్టించేవి కావు.

ఒకటి, మీ ప్రకటనలో చిన్న మార్పు చేయండి. హెచ్చరికలు వాతావరణ శాఖవే నమ్మండి, సీజన్ అంచనా ఎవరు చెప్పినా ఎన్ని పాళ్లు, ఏ కారణంతో చెప్తున్నారో అడగండి, చెప్పలేకపోతే వదిలేయండి అని రాయండి. ఈ ఒక్క మాట భయం అమ్మేవాళ్ల నోరు మూయిస్తుంది, లెక్క చూసేవాళ్లకు ఊతం ఇస్తుంది.

రాష్ట్రంలో 2,601 రైతు వేదికలు కట్టారు. మన జిల్లాల్లో ఉన్న ప్రతి రైతు వేదికకూ ఒక మామూలు వానమాపకం పెట్టించండి, వ్యవసాయ విస్తరణాధికారికి (ఏఈవోకు) ఉన్న పనులకు ఇది తోడు చేయమనడం లేదు, ఊర్లో రాసే మనిషిని వెతకమనండి. రాసేవాళ్లు దొరుకుతారు, దానికి పూచీ నాది. మండల స్టేషన్ల పాత లెక్కలు ఓపెన్ డేటా పోర్టల్‌లో కొంత పెట్టారు, దానికి కృతజ్ఞతలు. కానీ అది కంప్యూటర్ పట్టినవాడికి మాత్రమే అందుతుంది. వాటినే కార్తెల వారీగా కూడి, రోహిణి నుంచి స్వాతి దాకా మన మండలంలో ఏ కార్తెలో సగటున ఎంత పడుతుంది, ఎంత తక్కువ, ఎంత ఎక్కువ పడిన ఏళ్లున్నాయి అని ఒక బోర్డు మీద తెలుగులో రాయించి గోడకు పెట్టండి. రైతు వేదికలో మంగళవారం పెట్టే వీడియో సమావేశానికి వచ్చిన రైతు దాన్ని చూడకుండా బయటికి పోడు. ఆ బోర్డు ఉంటే "సగటు కంటే తక్కువ" అన్న మాటకు ఊర్లో ఒక అర్థం ఏర్పడుతుంది, ఇప్పుడైతే సగటు ఎంతో ఎవరికీ తెలియదు.

చివరిది నాకు అన్నిటికంటే ముఖ్యం. వాతావరణ శాఖ మే చివర్లో రెండో అంచనా ఇస్తుంది. ఆ వారంలోనే, మృగశిర రాకముందే, ములుగు రోడ్డు పరిశోధనా స్థానంలో ఒక పూట పెట్టండి. శాస్త్రవేత్తలు శాఖ మ్యాపు తెరిచి మన ఆరు జిల్లాల మీద ఏ రంగు ఉందో, ఎన్ని పాళ్లో వివరించాలి. అంచనాలు వేసేవాళ్లం మా అంచనాలు మండలం, కార్తె, పాళ్లు, కారణంతో కాగితం మీద రాసి మీ చేతికిస్తాం. మీరు ముద్ర వేసి దాచండి. దీపావళి దాటాక అందరి ముందూ తెరిచి మార్కులు వేయండి, శాఖ అంచనాకు కూడా అదే కొలతతో. ఎవరికి తక్కువ వచ్చినా ఎందుకు వచ్చాయో అక్కడే మాట్లాడుకుందాం. 2025 అక్టోబర్ చివర్లో మొంథా తుఫాను వానకు వరంగల్, హనుమకొండ కాలనీలు మునిగి, కోతకొచ్చిన వరి నేలకొరిగినప్పుడు, సీజన్ అయిపోయింది కదా అనుకున్న చాలామంది ఏమీ చేయలేకపోయారు. చిత్త, స్వాతి కార్తెల ముప్పు ఎంత అన్నది కూడా ఆ పూట చర్చకు రావాలి, ఎందుకంటే మక్క కల్లాలకూ వడ్ల కుప్పలకూ పరదాలు ముందే తెచ్చుకోవాలా వద్దా అన్నది దాని మీదే ఉంటుంది.

హాలు ఇస్తే చాలు. టీ ఖర్చు కూడా మేమే పెట్టుకుంటాం. తేదీ చెప్పండి, వాన పుస్తకాలు పట్టుకుని వస్తాం.

ఇట్లు,
నర్సంపేట ప్రాంత రైతు ఒకరు